నల్లరాతి పుట్టిల్లు

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రాజమహేంద్రవరము, యానాము ప్రాంతములనుండి ఈ పుదుచ్చేరికి ఉద్యోగార్థము వచ్చినవారు మన సభలో పలువురు కలరు. గోదావరి కిరువైపుల కాటేరు, పంగిడి, దుద్దుకూరు గ్రామముల చెంతనున్న నల్లరాయిని వారెరుగుదురు. కంకరగా కొట్టి రోడ్లపై పరచు ఆ రాయి బసాల్టు, సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట ప్రవహించిన లావా. కాని అది వెలువడిన ముఖద్వారమేదియు ఆ చెంత స్పష్టముగా కనబడదు. మరి యిది ఎచ్చటిది?

రాతి పుట్టుక తెలుపునది దాని రసాయనము. ఆ విద్యయొక్క స్వచ్ఛమైన పాఠము సముద్రగర్భమున లభించును. హిందూ మహాసముద్రపు టడుగున కార్ల్స్‌బర్గ్ శ్రేణివంటి పర్వతపంక్తులు కలవు. అచ్చట భూఫలకములు రెండు వైపులకు తొలగుచుండును. క్రిందనున్న ప్రావారశిల ఆ సందులోనికి లేచును. పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గుటచే, క్రొత్తగా వేడి చేరకయే, దానిలో పదవవంతు మాత్రము కరగును. ఆ ద్రవమే గడ్డకట్టి బసాల్టగును. పైన ఖండశిల లేనందున పరాయి కల్తీ మిక్కిలి తక్కువ. మన యెదుటనున్న బంగాళాఖాతపు టడుగును, కిలోమీటర్ల మందపు మట్టిక్రింద, ఇట్టి పురాతన బసాల్టే.

కాఫీపొడినుండి మొదటి డికాక్షను దించినచో సారము దానితో పోవును, రెండవది పలుచన. భూమియందును అట్లే జరిగినది. పూర్వయుగములలో ఖండములు ఏర్పడినప్పుడు రుబీడియము, యురేనియము మున్నగు మూలకములు ద్రవముతో పైకి పోయినవి. మిగిలిన ప్రావారము మరల కరగి యిచ్చునదే సముద్రశ్రేణుల బసాల్టు. అందుచే దానిలో అవి తక్కువ.

అయితే ఎక్కువ కరగినచో మూలకముల పాళ్లు మారును గదా? నిజమే. అందుకే శాస్త్రజ్ఞులు మారని గుర్తును వెదకిరి. రుబీడియము-87 క్షయించి స్ట్రాన్షియము-87 అగును. సగము మారుటకే సుమారు 4,900 కోట్ల సంవత్సరములు పట్టును. స్ట్రాన్షియము-87, 86ల నిష్పత్తిని కరగుట మార్చజాలదు. సముద్రశ్రేణుల బసాల్టులో ఇది 0.703 దరిదాపుల నుండును. ప్రాచీన ఖండశిలలలో తరచుగా 0.710 దాటును. ఇది మన సర్వీసు రిజిస్టరు వంటిది. ఎన్ని బదిలీలైనను పాత నమోదు చెరగదు.

ఈ పద్ధతిచేతనే 1983లో డూప్రే, అలెగ్ర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సీసపు ఐసోటోపులను పరీక్షించి, హిందూ మహాసముద్రపు ప్రావారము పసిఫిక్ ప్రావారముకంటె భిన్నమని చూపిరి. మరుసటి యేట హార్ట్ వారిరువురి పేర్ల మొదళ్లను కలిపి ఆ లక్షణమునకు డూపాల్ అని నామకరణము చేసెను. పూర్వము లోనికి క్రుంగిన సముద్రపు మట్టియా, విడిపోయిన ఖండముల అడుగుభాగమా దీనికి కారణమన్న వాదము ఇంకను తెగలేదు.

ఇక మన గోదావరి రాతికి వత్తము. దాని రసాయనమును దక్కను లావాపొరలతో పోల్చిచూచిరి. క్రింది పొర పడమటి కనుమలలోని అంబెనలి పొరతోను, పైది మహాబలేశ్వర పొరతోను సరిపోలినవి. వయస్సును, శిలలలో నిలిచిన అయస్కాంతదిశయు దీనికి సాక్ష్యమిచ్చినవి. ఖండముగుండా వచ్చిన ఆ లావా దారిలోని శిలలను కొంత కలుపుకొన్నది. ఆ కల్తీ పాళ్లుకూడ పొరకొక గుర్తైనవి. సుమారు వేయి కిలోమీటర్లు నదీలోయల వెంట ప్రవహించి అది తూర్పుతీరము చేరినదని పలువురి యభిప్రాయము. స్థానికముగనే పుట్టినదనువారును లేకపోలేదు.

ఆ వ్యాజ్యమునకు సాక్షి ఆ రాయియే. క్వారీలలో అది దినదినము కంకర యగుచున్నది. రోడ్లు వలదని నేననను. కాని పొరలన్నియు వరుసగా కనబడు గోడ నొకదానినైనను పిల్లలకై మిగుల్చుట న్యాయము. పొడియైన సాక్షిని మరల బోనెక్కింపలేము.

సెలవులకు ఇంటికి పోవువారు ఒక పూట ఆ గుట్టలకడకు పిల్లలను తీసికొనిపొండు. దూరదేశమునకు వచ్చియు పుట్టింటి గుర్తును విడువని ఆ రాతిని చూపుడు. మనవంటివారికి అది చుట్టమే.