ప్రతిభ గల పిల్లలు – మన కర్తవ్యము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయ దీపము నార్పక కాపాడిన మీ యందఱికిని నమస్కారములు. ప్రతిభ గల పిల్లలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను పండితుడను గాను. ముప్పది యేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను. కావున నేను చేసిన యొక పొరపాటుతోనే ప్రారంభింతును.

1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు వెలసినది. ఆ యేడే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ ఏర్పడినది. పిదప కొండాపూరు, నానక్‌రామ్‌గూడలలో రాళ్లగుట్టల నడుమ అద్దాల మేడలు లేచినవి. వాటిని కట్టుటకు పాలమూరు నుండియు, శ్రీకాకుళము నుండియు, ఒడిశా నుండియు కూలీలు వచ్చిరి. అట్టి యొక తాపీ పనివాని కుమారుడు నా నాలుగవ తరగతిలో చేరెను. వానికి వ్రాత కుదురు లేదు. పద్యము నోటికి రాదు. కాని గోడ పొడవును ఎత్తును చెప్పినచో, ఇటుకల లెక్క కాగితము లేకయే చెప్పెడివాడు. ఒకనాడు, “సార్, అన్నింటికంటె పెద్ద అంకె ఏది? దానికి ఒకటి కలిపితే ఏమగును?” అని యడిగెను. పాఠము మిగిలియున్నదను తొందరలో, “అధికప్రసంగము మాని కూర్చుండుము” అంటిని. వాడు మరల నన్నేమియు అడుగలేదు. మూడు నెలలకు మేడ పని ముగిసెను. ఆ కుటుంబ మెచటికో తరలిపోయెను.

చెప్పిన పాఠమును అప్పగించువాడు మంచి విద్యార్థి. పాఠమున కావల నేమున్నదని యడుగువానిలో ప్రతిభ యున్నది. ఈ రెండును ఒకరియందే యుండవలెనను నియమము లేదు. ప్రతిభ గల బిడ్డ ఒక విషయమున ముందుండి, మఱొకదానిలో వెనుకబడవచ్చును. విసుగుచే అల్లరి చేయవచ్చును. లేదా మౌనము వహింపవచ్చును.

1903లో పదునాఱవ యేట నున్న శ్రీనివాస రామానుజన్ చేతికి, ఒక మిత్రుని ద్వారా, గ్రంథాలయమునకు చెందిన గణిత గ్రంథ మొకటి వచ్చెను. అదియే ఆయనకు గురువయ్యెను. మఱుసటి యేట కుంభకోణము కళాశాలలో చేరి, గణితమునందే మునిగి, తక్కిన విషయములలో తప్పి, విద్యార్థి వేతనమును పోగొట్టుకొనెను. 1905లో ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు పోయెను. 1913లో ఆయన వ్రాసిన ఉత్తరమును కేంబ్రిడ్జిలోని హార్డీ చదివి ఆయన విలువ గుర్తించెను. పరీక్షలు త్రోసివేసినవానిని ఒక పుస్తకమును, ఉత్తరమును శ్రద్ధగా చదివిన యొక పండితుడును నిలిపిరి.

నేడు నగరమున ఆఱవ తరగతి నుండియే ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు తరిఫీదు నిచ్చు పాఠశాలలు గలవు. తెలిసిన ప్రశ్నకు త్వరగా జవాబు వ్రాయుట అచట నేర్పుదురు. క్రొత్త ప్రశ్న వేయుటకు తీరిక యుండదు. ఇంజనీరు బిడ్డకు ఊపిరి సలుపదు. కూలీ బిడ్డకు బడియే నిలువదు. నష్టము ఇరువురికిని గలదు.

మన ప్రాంతమున మంచి ప్రయత్నములు లేకపోలేదు. 1971లో పి.వి. నరసింహారావుగారి చొరవతో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ఆరంభమై, పేద పిల్లలకు దారి చూపినది. కాని ప్రవేశ పరీక్ష వఱకు రాలేని బిడ్డను వెదకవలసినవారు ఊరి ఉపాధ్యాయులే.

వారికి నా మనవి యిది. ప్రశ్నకు జవాబు తెలియనిచో “వెదకుదము” అనుడు. లెక్క ముందుగా ముగించిన బిడ్డకు అట్టివే మఱి పది యీయక, కఠినమైనది ఒక్కటి యిండు. ఆ విషయమునకు మాత్రము పై తరగతిలో కూర్చుండనిండు. వెనుకబడిన విషయమును చూపి నలుగురిలో చులకన చేయకుడు. ఆటపాటలను, తోటి స్నేహితులను దూరము చేయకుడు. వలస వచ్చిన బిడ్డను బదిలీ పత్రము ఆలస్యమైనదని త్రిప్పి పంపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది, దీనిని మఱువకుడు.

ఇక గ్రంథాలయ సభ్యులకు ఒక్క విన్నపము. కూలీల పిల్లలకు ధరావతు లేకయే పుస్తకము లిండు. ఒకటి రెండు పోయినను పోనిండు. పోయిన పుస్తకమును మరల కొనవచ్చును. నేను పోగొట్టుకొన్న ఆ ప్రశ్నను మరల తెచ్చుకొనలేకపోతిని. ఇకమీద అట్టి బిడ్డ ఈ గడప త్రొక్కినపుడు, “రా నాయనా, కలిసి చూతము” అను మాట వినబడుగాక!