చోటు మాఱెడి జన్యుఖండములు



మన చేలలోని మొక్కజొన్నకండె నొలిచినచో గింజలు సామాన్యముగా పసుపుగానో తెలుపుగానో యుండును. అమెరికాఖండపు ప్రాచీనజాతులలో ఊదారంగు గింజలును గలవు. కొన్ని కండెలలో తెల్లని గింజలపై సిరా చిలికినట్లు ఊదాచుక్కలు కనబడును. ఒక గింజపై చుక్క పెద్దది, ప్రక్కగింజపై చిన్నది. ఇది తెగులు కాదు. దీని కారణమును వెదకిన యొక విదుషి కథను నేడు మీకు విన్నవింపదలచితిని.

ఆమె పేరు బార్బరా మెక్‌క్లింటాక్. న్యూయార్కు రాష్ట్రమందలి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అను చోట ఆమె మొక్కజొన్నపై ఏండ్లతరబడి పరిశోధన సలిపెను. ప్రతి ప్రాణి కణములందును డీఎన్ఏ అను సన్నని పోగులు గలవు. బిడ్డకు సంక్రమించు లక్షణముల యాజ్ఞలు వానియందు నాలుగే రసాయనాక్షరములతో వ్రాయబడియుండును. అట్టి యొక్కొక్క యాజ్ఞకు జన్యువని పేరు. జన్యువులు దండలోని పూసలవలె చోటు మాఱవని నాటి పండితుల నమ్మకము. కొన్ని ఖండములు ఒకచోటు విడిచి వేఱొకచోట చేరునని 1940 దశకమున ఈమె కనిపెట్టెను.

డీఎస్ అను ఖండము రంగుజన్యువు నడుమ దూరినచో ఆ జన్యువు మూగవోవును. గింజకు రంగు రాదు. గింజ పెరుగుచుండగా ఏదేని కణములో డీఎస్ లేచిపోయినచో, ఆ కణపు సంతతి కంతకును రంగు మరల వచ్చును. అదియే చుక్క. ముందుగా లేచిన చుక్క పెద్దది, ఆలస్యముగా లేచిన చిన్నది. అయితే ఎద్దులు లేని బండివలె డీఎస్ తనంత కదలజాలదు. ఏసీ అను మఱియొక ఖండము ఆ కణమందుండవలెను.

1951లో ఈ సంగతి పండితసభలో చెప్పగా పెక్కురు మౌనము వహించిరి. పిమ్మట ఆమె దీనిపై వ్యాసములు ప్రకటించుట తగ్గించెను. పరిశోధన మాత్రము మానలేదు. సూక్ష్మజీవులలోను, పండ్లపై ముసరు ఈగలలోను అట్టివి కనబడిన పిదపగాని లోకము నమ్మలేదు. 1983లో నోబెల్ బహుమానము వచ్చునాటికి ఆమెకు 81 ఏండ్లు. నా మట్టుకు, ఆ బహుమానముకంటె నడిమి ముప్పదియేండ్ల యోర్పే మిన్న.

మొక్కజొన్న డీఎన్ఏలో నూటికి ఇంచుమించు 85 పాళ్ళు ఇట్టి ఖండములే. కొందఱు దీనిని చెత్తయనిరి. తొందరపడిరి. మెక్సికోలో టియోసింటె అను గడ్డి కలదు. సుమారు 9000 ఏండ్లక్రిందట అచ్చటి రైతులు దానినుండియే మొక్కజొన్నను తీర్చిరి. గడ్డి గుబురుగా కొమ్మలు వేయును; మొక్కజొన్న యొంటికాడగా నిలుచును. ప్రక్కకొమ్మల నణచు జన్యువు రెంటియందును గలదు. దానికి సుమారు 60 వేల యక్షరముల దూరమున ఒక ఖండము చేరి, దాని పనిని హెచ్చించినదని 2011లో ప్రకటించిరి. ఆ ఖండము వ్యవసాయమునకు ఎన్నో వేలయేండ్ల పూర్వమే కొన్ని యడవిమొక్కలలో నుండెను. రైతు దానిని చూడలేదు. కాడను చూచి విత్తనము దాచుకొనెను.

మనుష్యుని డీఎన్ఏలోను దాదాపు సగము ఇట్టి ఖండముల శేషమే. అందు మిక్కిలిభాగము ఏనాడో కదలిక యుడిగినది. కదలగలవానిని కణము రసాయనముద్రలు వేసి అణచియుంచును. ఆ కట్టు తప్పుటయు గలదు. గాయమైనపుడు నెత్తురు గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధి గల యిద్దఱిలో, నెత్తురు గడ్డకట్టుటకు వలయు జన్యువునందు ఎల్1 అను ఖండము క్రొత్తగా దూరియున్నదని 1988లో కనుగొనిరి. తల్లిదండ్రుల జన్యువులో ఆ చోట అది లేదు. ఒకరి విషయమున, ఆ ఖండము 22వ క్రోమోసోముపై నున్న మాతృకనుండి వచ్చినదని 1991లో జాడ తీసిరి.