జర్మనీ విదేశాంగ మంత్రి: ఛాన్సలర్ నీడలో ఒక కుర్చీ



జర్మనీ విదేశాంగ మంత్రి చరిత్ర చెప్పబోతే చిక్కు మొదట్లోనే ఎదురవుతుంది. 1871లో సామ్రాజ్యం ఏర్పడ్డాక దాదాపు యాభై ఏళ్లు ఆ దేశానికి అలాంటి మంత్రే లేడు. బెర్లిన్‌లోని విల్‌హెల్మ్ వీధిలో విదేశాంగ కార్యాలయం ఉండేది కానీ, దాని అధిపతిది కార్యదర్శి హోదాయే. విధానమంతా ఛాన్సలర్ బిస్మార్క్ సొంత వ్యవహారం.

1919లో గణతంత్రం వచ్చాక మంత్రి హోదా దక్కింది. దక్కిన వేళే మంచిది కాదు. మంత్రి బ్రోక్‌డోర్ఫ్-రాంట్సావు మే 7న వెర్సాయ్‌లో మొదటి ప్రపంచ యుద్ధ విజేతల షరతులు అందుకుని, కూర్చునే జవాబు చదివాడు. పొగరన్నారు కొందరు, కాళ్లు నిలవలేదన్నారు కొందరు. సంతకం పెట్టనంటూ జూన్‌లో తప్పుకున్నాడు. తర్వాత వచ్చిన హెర్మన్ ముల్లర్ పెట్టాడు. 1922 ఏప్రిల్‌లో రపాల్లోలో సోవియట్లతో ఒప్పందం కుదుర్చుకున్న వాల్టర్ రాథెనావును, జూన్ 24న కార్యాలయానికి కారులో వెళ్తుండగా తీవ్ర జాతీయవాదులు కాల్చి చంపారు.

ఆ కుర్చీకి బరువు తెచ్చినవాడు గుస్తావ్ ష్ట్రెజెమాన్. 1923 నుంచి 1929లో కన్నుమూసేదాకా ఛాన్సలర్లు మారినా ఆయన కదలలేదు. లొకార్నో ఒప్పందాలు, నానాజాతి సమితిలో సభ్యత్వం, ఫ్రాన్స్ మంత్రి బ్రియాండ్‌తో కలిసి నోబెల్ శాంతి బహుమతి ఆ కాలానివే.

హిట్లర్ మంత్రి రిబ్బెన్‌ట్రాప్‌ను 1946లో న్యూరెంబర్గ్‌లో ఉరితీశారు. నేరమంతా ఆయనదేనని, తాము ఫైళ్లు చూసిన గుమాస్తాలమేనని శాఖలోని దౌత్యవేత్తలు చాలాకాలం నమ్మబలికారు. కానీ యూదుల నిర్మూలనపై 1942 జనవరిలో వాన్‌జేలో జరిగిన సమావేశంలో ఆ శాఖ ప్రతినిధీ ఉన్నాడు. మంత్రిగా యోష్కా ఫిషర్ వేయించిన చరిత్రకారుల సంఘం 2010లో ఆ కట్టుకథను తునాతునకలు చేసింది.

పశ్చిమ జర్మనీలో 1951లో శాఖ మళ్లీ తెరుచుకున్నప్పుడు ఛాన్సలర్ అడెనావర్ దాన్ని నాలుగేళ్లు తన దగ్గరే ఉంచుకున్నాడు. పాత అలవాటు! 1966లో మంత్రిగా విల్లీ బ్రాంట్ రాకతో లెక్క మారింది. అప్పటి నుంచి ఈ శాఖ సంకీర్ణంలో చిన్న భాగస్వామికి వెళ్లడం ఆనవాయితీ అయింది. ఛాన్సలర్ కసిరితే సంకీర్ణమే కూలవచ్చు కనుక మంత్రికి వెన్నెముక ఏర్పడింది.

ఆ వెసులుబాటును మంత్రి గెన్‌షర్‌లా వాడుకున్నవాడు లేడు. 1974 నుంచి 1992 దాకా, మధ్యలో తన పార్టీ కూటమి మార్చినా, కుర్చీ దాదాపుగా వదల్లేదు. 1989 సెప్టెంబరు 30 సాయంత్రం ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయ బాల్కనీలోకి వచ్చాడు. కింద తోటలో, బురదలో, గుడారాల్లో వేలాది తూర్పు జర్మన్లు. పశ్చిమ జర్మనీకి మీ ప్రయాణానికి అనుమతి వచ్చిందని చెబుతుండగానే కేకలు చెలరేగి ఆయన వాక్యం మునిగిపోయింది. హాలే దగ్గర పుట్టి 1952లో తూర్పు జర్మనీని విడిచివచ్చిన మనిషికి ఆ జనం పరాయివాళ్లు కారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 12న మాస్కోలో, ఏకీకరణకు దారి తీసిన ఒప్పందం మీద ఆయనే సంతకం చేశాడు.

తర్వాత ఐరోపా వ్యవహారాలు ప్రభుత్వాధినేతల చేతుల్లోకి జారాయి. లిస్బన్ ఒప్పందం 2009లో అమలులోకి వచ్చాక, అధినేతల శిఖరాగ్ర సమావేశాల్లో విదేశాంగ మంత్రులకు మామూలుగా ఉండే కుర్చీ పోయింది. 2021లో తొలి మహిళా మంత్రి అన్నలేనా బేర్‌బాక్ వచ్చేసరికి పరిస్థితి ఇది. 2025లో ఛాన్సలర్ మెర్జ్ సొంత పార్టీవాడైన యోహాన్ వాడెఫుల్‌కు శాఖ అప్పగించడంతో దాదాపు ఆరు దశాబ్దాల ఆనవాయితీ తెగింది. అదే ఏడాది జాతీయ భద్రతా మండలి ఏర్పాటైంది; అది పనిచేసేది ఛాన్సలర్ కార్యాలయం నుంచే.