మోకాలి ఆపరేషన్‌కు ముందు ఇంట్లో చేసుకోవలసినవి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు ఇందాక చదివారు. మేము మోకాలి చిప్పల మార్పిడి ఆపరేషన్ గురించి నాలుగు మాటలు చెప్తాం. నాట్లు వేసి, కలుపు తీసి, బిందెలు మోసి మన మోకాళ్లు అరిగిపోతున్నాయి. ఈ హాలు మెట్లు గోడ పట్టుకుని ఎక్కినవాళ్లు ఎందరో మనం చూశాం కదా.

మా సంఘంలో ఒక అక్కకు ఈ ఆపరేషన్ చేయాలన్నారు. మేము మూడు మీటింగుల్లో డబ్బు సంగతే మాట్లాడుకున్నాం. అప్పుకు తీర్మానం రాశాం. తీరా ఆసుపత్రిలో చేరాక, మత్తు డాక్టరు ఆమె సంచిలో మాత్రలు చూసి ఆపరేషన్ ఆపేశారు. గుండె కోసం రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటోంది. అది ఒంట్లో ఉండగా నడుముకు మత్తు సూది వేస్తే లోపల రక్తస్రావం కావచ్చన్నారు. షుగరు కూడా ఎక్కువగానే ఉంది. తిరిగి ఇంటికొచ్చేశాం. బస్సు ఖర్చు, తోడు వచ్చిన కూతురి కూలి, అప్పు మీద వడ్డీ అన్నీ అక్క నెత్తినే పడ్డాయి. "మాత్రల సంగతి నన్నెవరూ అడగలేదు కదమ్మా" అంది. నిజమే, మేమూ అడగలేదు. డబ్బు సిద్ధం చేశాం గానీ మనిషిని సిద్ధం చేయలేదు.

రెండోసారి వెళ్లేముందు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసి డాక్టరుకు చూపించాం. నొప్పులకు వాడే నాటుమందు పొడి కూడా పెట్టాం. అది చెప్పడానికి అక్క సిగ్గుపడింది. అలాంటి కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారట, వాడుతున్నట్టు దాచినా, ఉన్నట్టుండి మానేసినా ముప్పే. ఏ మాత్ర ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరు చెప్పాలి. గుండె మాత్ర మనంతట మనం ఆపకూడదు.

షుగరుకు మూడు నెలల సగటు చూపే రక్తపరీక్ష ఉంది. అది ఎక్కువుంటే పుండు త్వరగా మానదు. లోపల పెట్టిన కీలుకు చీము పడితే మళ్లీ కోయాల్సి రావచ్చు. అందుకే కాలి పగుళ్లు, పుచ్చుపళ్లు, మూత్రంలో మంట ఏదున్నా ముందే చూపించుకోవాలి. అక్కకు మడమ పగిలి రసి కారుతుండేది. అది మానాకే తేదీ ఇచ్చారు.

ఫిజియోథెరపీ ఆయన ఒక వ్యాయామం నేర్పారు. కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి 5 లెక్కపెట్టి వదలాలి. అక్క సీరియల్ చూస్తూ చేసేది. ఆపరేషన్ తర్వాత నిలబడేటప్పుడు ఆ తొడ బలమే పనికొచ్చింది.

ఇంట్లో మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. దొడ్లో కింద కూర్చునే మరుగుదొడ్డి కాబట్టి కమోడ్ కుర్చీ తెచ్చాం. కాలికి తగిలే గోనెపట్టాలు తీసేశాం.

అన్నిటికంటే పెద్ద గొడవ పుస్తెల దగ్గర వచ్చింది. థియేటర్లోకి నగలేవీ వద్దంటారు. అత్తగారు ఒప్పుకోలేదు. చివరికి పసుపుతాడు కట్టుకోవచ్చా అని నర్సమ్మను ముందే అడిగితే, అదీ లోపలికి వెళ్లేటప్పుడు తీయాలి, బయటికి రాగానే కట్టుకోవచ్చంది. ఆ మాట ఆసుపత్రి మనిషి నోట విన్నాకే పెద్దావిడ మెత్తబడింది. మెట్టెలు బిగుసుకుపోయి ఉంటే వారం ముందే కంసాలి దగ్గర తీయించండి. గోళ్లకు గోరింటాకు వద్దు, వేలికి పెట్టే మిషను సరిగ్గా చూపించకపోవచ్చు.

ముందురోజు రాత్రి ఎన్ని గంటల తర్వాత తినకూడదో, నీళ్లు ఎప్పటివరకు తాగొచ్చో అడిగి రాసుకోండి. పాలు పోసిన టీ తిండి కిందే లెక్క. "గుక్కెడు తాగు, ఏం కాదు" అనే చుట్టాలను మాత్రం మనమే ఆపాలి.

పథకం కింద వర్తిస్తుందో లేదో అప్పు తీసుకోకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

అక్క ఇప్పుడు మీటింగులకు నడిచే వస్తోంది. కుర్చీలోనే కూర్చుంటుంది, చాప మీద కూర్చోదు. ఆమె వాడిన వాకరు, కమోడ్ కుర్చీ కడిగి మా సంఘం గదిలో పెట్టాం. ఏ ఊరి సంఘానికి కావాలన్నా రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకెళ్లండి.