పేరు పడని పాత్రధారిణి

సినిమా చూచి ఇంటికి వచ్చిన తరువాత మనము నాయికా నాయకులను గూర్చి చాలసేపు మాట్లాడుకుంటాము. నాయిక మెట్లు దిగి విందుశాలలోనికి వచ్చినప్పుడు ఆమెవైపు తలలు త్రిప్పి చూచిన అతిథులు ఎవరని మాత్రము అడుగము. అట్టి అతిథులలో ఒకామెను గూర్చి ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచినాము. ఆమె పేరు బెస్ ఫ్లవర్స్.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, షెర్మన్ అనే ఊరిలో, 1898లో ఆమె జన్మించినది. 1923లో హాలీవుడ్ చిత్రాలలో ప్రవేశించినది. అవి మూకీల రోజులు. 1928లో వచ్చిన 'వి ఫా డౌన్' అనే హాస్యచిత్రంలో లారెల్ భార్యగా కనిపించినది. అంతటి వేషము ఆమెకు అరుదుగా లభించినది. మిగిలినవన్నీ గుంపులో నిలబడే పాత్రలే.

ఆ రోజులలో చిల్లర వేషాలకై వచ్చేవారు వేలకొలది ఉండేవారు. దళారులు వారివద్ద రుసుము పిండుకొనేవారు. ఈ అన్యాయము రచ్చకెక్కగా, 1925లో నిర్మాతలు సెంట్రల్ కాస్టింగ్ అనే ఉమ్మడి కార్యాలయాన్ని నెలకొల్పినారు. దళారుల బెడద తగ్గినది గాని, పనికి హామీ రాలేదు. టెలిఫోను చేయడము, పని లేదనిపించుకోవడము వారికి నిత్యకృత్యమైనది.

బెస్ ఫ్లవర్స్ ఈ పోటీలో నిలువగలిగినది. ఆమె పొడగరి, నడకలో హుందాతనము గలది. విందు దృశ్యాలకు తగిన దుస్తులు స్వంతముగా గలవారిని అక్కడ 'డ్రెస్ ఎక్స్‌ట్రా'లు అనేవారు. వారికి కూలి కొంత ఎక్కువ. ఆమె దుస్తుల బీరువాయే ఆమె పెట్టుబడి.

ఈ పని తేలిక అనుకొనరాదు. టాకీలు వచ్చిన పిదప, వెనుక బల్లవద్ద కూర్చున్నవారు మాట్లాడుతున్నట్లు పెదవులు కదపవలెను, చప్పుడు మాత్రము రారాదు. దృశ్యము మరల తీసినప్పుడు అదే మాటకు అదే అడుగు వేయవలెను. అక్కడ ఉన్నట్లు తోచవలెను, చూపరుల కన్ను తనపై నిలువనీయరాదు.

నలుబది ఏండ్లకు పైగా ఆమె ఈ నియమాన్ని పాటించినది. 1964 వరకు 350కి మించిన చిత్రాలలో కనిపించినది. వానిలో అయిదు ఉత్తమ చిత్రముగా ఆస్కార్ పొందినవి. 1950 నాటి 'ఆల్ అబౌట్ ఈవ్'లో, బహుమతి పొందిన నటిని అభినందించే స్త్రీ ఈమెయే. చాల చిత్రాలలో పేర్ల పట్టికలో ఆమె పేరు లేదు. అయినను ఆమెకు 'హాలీవుడ్ ఎక్స్‌ట్రాల రాణి' అన్న బిరుదు దక్కినది.

ఆ రాణి తన వారిని మరువలేదు. 1945లో ఎక్స్‌ట్రాలు తమకంటూ ఒక సంఘాన్ని స్థాపించుకొన్నప్పుడు, స్థాపకులలో ఆమె ఒకరు. తొలి ఉపాధ్యక్షులలో కూడ ఒకరు. తెరపై పెదవులు మాత్రమే కదిపినవారు తమ కూలిని గూర్చి, పని గంటలను గూర్చి గొంతెత్తి మాట్లాడగలిగినది అట్టి సంఘము వలననే. 1984లో ఆమె మరణించినది.

మా రేడియోలో గొంతు వినబడును, మనిషి కనబడడు. ఆమె కొలువులో మనిషి కనబడును, గొంతు వినబడదు. అందుచేతనే కాబోలు, ఆమె కథ మాకు ఆత్మీయముగా తోచినది. ఈసారి పాత అమెరికన్ చిత్రము చూచునప్పుడు, నాయిక వెనుక నిలిచిన ఆ పొడవాటి అతిథిని ఒకసారి చూడండి.