లయ కుదుటపడిన చాలునా?



1895లో భీమవరమున జన్మించి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి కండరములలోని భాస్వర పదార్థములను శోధించి, 1927లో ఫాస్ఫోక్రియేటినును, 1929లో ఏ.టీ.పీ. యను శక్తిద్రవ్యమును వెల్లడించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము సమావేశమైన ఈ సభలో, ఆ ద్రవ్యమునే నమ్ముకొని అనుక్షణము బ్రతుకుచున్న హృత్కణమును గూర్చియు, దాని లయను సరిదిద్దుటకై మనమిచ్చు మందులు దాని ఆయువును పెంచుచున్నవా, హరించుచున్నవా యను ప్రశ్నను గూర్చియు ప్రసంగించుట సముచితమని తలచితిని. ఏ.టీ.పీ.ని అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ కనుగొనినాడు; అయినను మనవాని పేరు ఈ సందర్భమున ముందుగా నోటికి వచ్చుట సహజము.

హృదయము దినమునకు సుమారు 6 కిలోల ఏ.టీ.పీ.ని వ్యయించి, మరల తయారుచేసికొనుచుండును. నిలువయున్నది మాత్రము కొన్ని క్షణములకు మించి చాలదు. ఇంతటి శ్రమ చేయు కణములకు వారసులు దాదాపు లేరు. వాతావరణమున అణ్వస్త్ర పరీక్షల వలన చేరిన కార్బన్-14ను ఆధారముగా గొని స్టాక్‌హోమునందలి యోనాస్ ఫ్రీసేన్ బృందము 2009లో తేల్చినదేమనగా, 25 ఏండ్ల వయసున ఏడాదికి నూటికి ఒక కణము మాత్రమే క్రొత్తగా పుట్టుననియు, 75 ఏండ్లు వచ్చుసరికి అదియు సగమునకు తగ్గుననియు. కావున గుండెపోటున చచ్చిన కణముల చోట మచ్చ మిగులునే గాని మరల కండరము మొలవదు.

ఆ మరణము జరుగు తీరు తెలిసికొనదగినది. రక్తము అందనప్పుడు ఏ.టీ.పీ. క్షీణించును, కణము లోపల ఆమ్లము పేరుకొనును, ఆ ఆమ్లమును వెలికి నెట్టు ప్రయత్నములో సోడియము లోపలికి చొచ్చుకొనివచ్చును. గోదావరిపై చిల్లుపడవలోని నీటిని సరంగు నిరంతరము తోడిపోయునట్లు సోడియమును బయటికి తోడిపోయుచుండు ప్రోటీను యంత్రమొకటి ప్రతి కణమునకు గలదు. శక్తి లేక ఆ యంత్రము మందగించినంతనే సోడియము నిండును, దానిని వదలించుకొనుటకు సోడియము-కాల్షియముల వినిమయ ద్వారము తలక్రిందులై కాల్షియమును లోనికి రానిచ్చును. సూక్ష్మదర్శినిలో ఒంటరి హృత్కణమును పరికించినవారికి ఈ విపత్తు కన్నులకు కట్టినట్లు కానవచ్చును: అడ్డచారలతో నిలువుగా సాగియుండు కణము కాల్షియపు ముంపునకు లోనై బిగిసి, కుంచించుకొని, చారలు చెదరి, ఉండవలె ముద్దకట్టిపోవును. మైటోకాండ్రియాలు ఉబ్బి, వాని పొరలలో రంధ్రములు తెరచుకొనినచో ఇక ఆ కణము దక్కదు.

ఈ కాల్షియపు ముంపే అకాల స్పందనలకును మూలమగుట చూచి, లయ చెడుటయు కణము చచ్చుటయు ఒకే వేరునుండి పుట్టినవని వైద్యులు గ్రహించిరి. అంతవరకు సత్యమే. కాని అకాల స్పందనలను అణచివేసినచో రోగి ప్రాణము దక్కునని అంతటితో నిశ్చయించుట తొందరపాటు. 1980లలో అమెరికాలో ఎందరో వైద్యులు ఈ నమ్మకముతోనే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులను గుండెపోటునుండి తేరుకొనినవారికి వ్రాయుచుండిరి. ఆ నమ్మకమును పరీక్షింపబూనినదే ‘కాస్ట్’ అను పేర ప్రసిద్ధమైన అధ్యయనము. మందు లేని ఉత్తమాత్ర నిచ్చుట అధర్మమని ఆనాడు ఆక్షేపించినవారును లేకపోలేదు. మందుతో అకాల స్పందనలు అణగినవని ముందుగా రుజువైన రోగులనే ఎంచి, వారిలో కొందరికి మందును, కొందరికి ఉత్తమాత్రను ఇచ్చిరి. సగటున పది నెలలు గడచుసరికి, మందు తిన్న 755 మందిలో 63 మంది, ఉత్తమాత్ర తిన్న 743 మందిలో 26 మంది మరణించిరి. 1989 ఏప్రిలులో ఆ రెండు మందుల పరీక్షను నిలిపివేసిరి. ఇ.సి.జి. కాగితముపై గీత నిర్మలముగా నుండగనే రోగులు రాలిపోయిరి! ఆధునిక వైద్యచరిత్రలో ఇంతకన్న దుఃఖకరమును, ఇంతకన్న ప్రయోజనకరమును అయిన పరీక్ష నాకు కానరాదు. ఆ ఉత్తమాత్రలకు సమ్మతించిన రోగులకు మనమందరము ఋణపడియున్నాము.

కారణము కణమునందే యున్నది. ఫ్లెకైనైడ్ సోడియము ద్వారములను మూయును. అందువలన విద్యుత్ప్రవాహము మందగించును. ఆరోగ్యవంతమైన కండరమున ఇది సహ్యమే. కాని మచ్చ అంచున, అరకొరగా ప్రాణము నిలుపుకొనియున్న కణముల నడుమ, మందగించిన ప్రవాహము దారి తప్పి, తిరిగి తిరిగి వచ్చిన చోటికే వచ్చి సుడియగును. సుడి ముదిరి జఠరికలు కంపించినచో, మచ్చ అంచున ఉన్నవే గాక హృదయమునందలి కణములన్నియు ఆకలితో మాడిపోవును. ఆ మందు సర్వదా హానికరమని నేననను. నిర్మాణదోషము లేని గుండెలలో కర్ణికల దడకు అది నేటికిని చక్కని మందే.

దీనికి ప్రతిగా బీటా నిరోధకములను చూడుడు. జేమ్స్ బ్లాక్ సృష్టించిన ప్రొప్రనొలాల్ అకాల స్పందనలను ఫ్లెకైనైడ్ అణచినంతగా అణచలేదు. అయినను గుండెపోటునకు గురియైన 3,837 మందిపై జరిగి, 1982లో ప్రకటితమైన అధ్యయనమున, ఉత్తమాత్ర తిన్నవారిలో నూటికి 9.8 మంది మరణింపగా ఈ మందు తిన్నవారిలో 7.2 మందే మరణించిరి. అడ్రినలిను కొరడా తగ్గుటచే వేగము తగ్గును, కణమునకు ప్రాణవాయువు అవసరము తగ్గును, కాల్షియపు పోటు తగ్గును, ఏ.టీ.పీ. నిలుచును. లయను సరిదిద్దుటలో వెనుకబడిన మందు ప్రాణమును నిలుపుటలో ముందు నిలిచినది. కణమునకు విశ్రాంతి నిచ్చుటే దాని మహత్తు.

అమియొడరోన్ మాట వేరు. దాని తూకములో నూటికి 37 పాళ్లు అయొడినే. శరీరపు క్రొవ్వులో చేరి నెలల తరబడి నిలువయుండును. హంగేరీ పరిశోధకులు 2003లో చూపినట్లు, స్వల్పమాత్రలో అది మైటోకాండ్రియాల పొరను కాపాడగలదు, అధికమాత్రలో తానే ఉబ్బింపగలదు. గుండెపోటు తరువాత బలహీనపడిన హృదయముగల 1,486 మందిపై ఐరోపాలో జరిగి 1997లో వెలువడిన అధ్యయనమున లయభంగ మరణములు తగ్గినవి గాని మొత్తము మరణములు తగ్గలేదు. ప్రమాదకరమైన లయభంగమున అది అనివార్యమైన ఆయుధమే. ఊరక దడ తగ్గించుటకు వాడదగినది మాత్రము కాదు.

యువవైద్యులారా, గీత బాగుపడినదని సంతసించుటకు ముందు, ఈ మందు ఈ గుండెలో, ఈ మచ్చ ప్రక్కన, ప్రాణము నిలిపినట్లు ఎవరైన రుజువు చేసిరా యని ప్రశ్నించుడు. అమియొడరోన్ వాడువారికి థైరాయిడు, కాలేయము, ఊపిరితిత్తుల పరీక్షలు మరువకుడు. రోగులకు, వారి ఇంటివారికి నా విన్నపమొకటే: బీటా నిరోధకములను హఠాత్తుగా మానుట వలన గుండెనొప్పియు గుండెపోటును సంభవింపవచ్చును, నలతగా నున్నదనియో, నాడి మందగించినదనియో, ఎవరో చెప్పిరనియో ఆ మాత్రను మీ అంతట మీరు మానవలదు, వైద్యునితో చెప్పి ఆయన సలహాపై క్రమక్రమముగా తగ్గించుకొనుడు.