తాగుడు మాన్పించే ముందు మాతో ఒక మాట చెప్పండి



కౌన్సిలింగ్ గదికి మొదట వచ్చేది చాలాసార్లు తాగే మనిషి కాదు, ఇంటివారు. "సారూ, నిన్నటి సంది తాగనియ్యలే, అర్రల పెట్టి గొళ్లెం పెట్టినం" అని సంతోషంగా చెబుతారు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది.

ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు మద్యానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి 48 గంటల్లోపు ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు కొందరు లేని మనుషులతో మాట్లాడతారు, గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు. గాలి సోకిందని ఎక్కడెక్కడో తిప్పకండి. అది ప్రాణం తీయగల జబ్బు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టినందువల్ల సమయం పోవడమే తప్ప లాభం లేదు.

"మావోడు సారా ముట్టడు, కల్లే కద" అంటారు కొందరు. చెట్టు మీది నుంచి దించిన కల్లు వేరు, అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మేది వేరు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి అమ్మకాలు ఆగగానే, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామంది వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు మద్యం దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు బారులు తీరారు.

అందుకే ఏం తాగుతారు, ఎక్కడ, ఎన్ని సీసాలు, ఆఖరుసారి ఎప్పుడు అని అడుగుతాం. డాక్టరుగారు మందు మోతాదు నిర్ణయించేటప్పుడు ఆ లెక్క చూస్తారు. సిగ్గుపడి తగ్గించి చెప్పకండి. లోగడ ఫిట్స్ వచ్చినవారిని, ఇంట్లో చూసుకునేవారు లేనివారిని అడ్మిట్ చేసుకోవలసి రావచ్చు. మిగిలినవారిలో చాలామంది ఓ.పి.లోనే మందులు తీసుకొని ఇంటికి వెళ్లవచ్చు.

ఆ తరువాత నా పని. అది ఉపన్యాసం కాదు (ఉపన్యాసాలు వారు ఇంట్లో చాలానే విని వస్తారు). ఏ వేళకు మనసు లాగుతుంది, ఎవరు పిలుస్తారు, కూలి డబ్బు చేతికొచ్చిన సాయంత్రం ఏ దారిన ఇంటికి వస్తారు, ఇవన్నీ వారితోనే చెప్పించి, ఆ వేళకు ఏం చేయాలో కలిసి ఆలోచిస్తాం. ముంబై రోడ్డు మీద లారీ నడిపే అన్నకు, చెరకు కోతకు పోయే అన్నకు ఒకే ఉపాయం పనికిరాదు. ఇంట్లో మీరు చూసింది కూడా మాకు కావాలి, కనుక మీలో ఒకరు తోడు రండి.

మరొక మాట. ఎవరో ఇచ్చిన "మాన్పించే మాత్ర" మజ్జిగలో కలిపి తెలియకుండా తాగించకండి. డైసల్ఫిరామ్ మాత్ర మింగినవారు మద్యం తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, బి.పి. పడిపోతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. దానిని డాక్టరు పర్యవేక్షణలో, రోగి తెలిసి ఒప్పుకొని వాడాలి.

మూడు నెలలు మానినవారు పండుగనాడు తాగితే, "ఇంక మారడు" అని ఇంటివారు రావడమే మానేస్తారు. చీటీలో రాసిన తేదీ దాకా ఆగకుండా మరునాడే రండి. రాలేకపోతే 14446కు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. తాగి ఉన్నాడని సంకోచించకండి, అలాగే తీసుకురండి.